హత్య జరగాలి, హాయిగానూ ఉండాలి: ఏ నవల ఎవరికి?

బెంగళూరు మారతహళ్ళిలో పీజీలో ఉంటున్న మా ఆఫీసు అమ్మాయి ఒకతె మొన్న భోజనాల దగ్గర అడిగింది. "అక్కా, మంచి డిటెక్టివ్ నవల ఏదైనా చెప్పండి. హత్య ఉండాలి, భయం మాత్రం ఉండకూడదు. రాత్రి గదిలో ఒక్కదాన్నే పడుకోవాలి." చుట్టూ ఉన్నవాళ్ళు ఘొల్లుమన్నారు గానీ, ఆ పిల్ల అడిగినదాంట్లో నవ్వాల్సింది ఏమీ లేదు. సరిగ్గా అలాంటి పాఠకుల కోసమే ఇంగ్లీషులో ఒక శాఖ ఉంది. కోజీ మిస్టరీ అంటారు. హత్య తెర వెనక జరుగుతుంది. శవం కనిపిస్తుంది గానీ గాయాల వర్ణన ఉండదు. కథంతా ఒక చిన్న ఊళ్ళోనో, క్లబ్బులోనో, వృద్ధుల నివాసంలోనో, అంటే అందరికీ అందరూ తెలిసిన చోట నడుస్తుంది. కూపీ లాగేది పోలీసు కాదు. ఏ పెళ్ళీ పేరంటమూ లేని పెద్దావిడో, చర్చి ఫాదరో, డాక్టరుగారి భార్యో. చివరి పేజీకి దోషి దొరుకుతాడు, మిగిలినవాళ్ళు టీ తాగుతారు.

చిక్కల్లా ఎంపికలోనే. చర్చి స్ట్రీట్ పుస్తకాల దుకాణాల్లో ఈ రకం నవలలు దొంతరలు దొంతరలుగా ఉంటాయి. అట్టలన్నీ ఒక్క పోలికే: ఒక పిల్లి, ఒక టీ కప్పు, ఓ మూల చిన్న కత్తి. వెనక అట్ట తిప్పితే ప్రతిదీ కడుపుబ్బ నవ్విస్తుందనీ, ఆఖరి దాకా ఊహించలేమనీ రాసి ఉంటుంది. ఆ మాటలు నమ్మి కొని, సగంలో వదిలేసినవి మా ఇంట్లో పదకొండు ఉన్నాయి. ఇప్పుడు నేను అట్ట చూడను, వెనక రాసినది చదవను. ఒక్క ప్రశ్న వేసుకుంటాను: ఈ మనిషి అడిగితే జనం ఎందుకు జవాబు చెబుతారు?

పోలీసుకు లాఠీ ఉంది, సమన్లు ఉన్నాయి. ప్రైవేటు డిటెక్టివ్‌ను ఫీజు ఇచ్చి పంపినవాళ్ళు ఉన్నారు. ఏ అధికారమూ లేని మామూలు మనిషికి ఏముంది? ఎవరి గుమ్మం తొక్కాలన్నా ఒక నెపం కావాలి. ఆ నెపం ఎంత సహజంగా ఉంటే నవల అంత బాగా కుదురుతుంది. అది చేతకాని రచయితలు ఏం చేస్తారంటే, ప్రతి అనుమానితుడి చేతా కనబడిన మొదటి మనిషికే గుండె విప్పి చెప్పించేస్తారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అందరూ తడుముకుంటూనే ఉంటారు. అలాంటి నవలలో హంతకుడు ఎవరైతే నాకేమిటి?

ఈ సంగతి నాకు పుస్తకాల వల్ల తెలియలేదు, మా అమ్మ వల్ల తెలిసింది.

పాల ప్యాకెట్ల కేసు

కిందటేడు అమ్మ ఒంగోలు నుంచి వచ్చి మా దగ్గర రెండు నెలలు ఉంది. మా ఫ్లాటు తలుపుకు తగిలించిన సంచిలో తెల్లవారుజామున రెండు అరలీటరు పాల ప్యాకెట్లు పడాలి. వారానికి రెండు రోజులు సంచి ఖాళీ. నేను వాచ్‌మన్‌ను అనుమానించాను, పై అంతస్తు పిల్లలను అనుమానించాను, ఆఖరికి మెట్ల కింద పిల్లిని కూడా వదల్లేదు. అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఘాటుగా ఒక సందేశం రాసి, పంపబోతుంటే అమ్మ ఆపింది.

"ఆగవే. నిన్న నువ్వు తాగిన మజ్జిగ ఎవరింటిది?"

బి బ్లాకు మూడో అంతస్తులో ఉండే కన్నడ పెద్దావిడ ఇచ్చినది. అమ్మకు కన్నడం రాదు, ఆవిడకు తెలుగు రాదు. మజ్జిగ అన్న మాట రెండు భాషల్లోనూ ఇంచుమించు ఒకటే కాబట్టి స్నేహం అక్కడ మొదలైంది. సాయంత్రాలు కింద బెంచీ మీద కూర్చుని ఇద్దరూ మల్లెమొగ్గలు కట్టుకునేవారు.

"ఏ ఏ రోజుల్లో ఇచ్చింది?" అంది అమ్మ. వెనక్కి లెక్క చూస్తే ప్రతిసారీ మంగళవారం, శుక్రవారం. పాలు రానివి సోమవారం, గురువారం.

"పాలు పోయిన మర్నాడే మజ్జిగ వస్తోంది," అంది అమ్మ, ఉల్లిపాయ తరగడం ఆపకుండా.

మర్నాటి సాయంత్రం మొగ్గలు కడుతూ కడుతూ, వేళ్ళు చూపించి, "మీకు రోజూ ఎన్ని ప్యాకెట్లు?" అని ఆవిడను అడిగిందట. తీగ లాగితే డొంకంతా కదిలింది. సోమ, గురువారాల్లో పాలు వేసే కుర్రాడికి బదులు వాళ్ళ తమ్ముడు వస్తున్నాడు. మాది ఎ బ్లాకు 304, ఆవిడది బి బ్లాకు 304. మా ప్యాకెట్లు అక్కడ పడుతున్నాయి. కొడుకే ఫోనులో అదనంగా చెప్పి ఉంటాడనుకుని, పాలు పాడుచేయలేక ఆవిడ తోడు వేసి, చిలికి, నలుగురికీ పంచుతోంది. మా పాలను మేమే మజ్జిగగా తాగుతూ దొంగ కోసం వెతుకుతున్నాం.

ఇందులో ఆధారాలన్నీ మొదటి నుంచీ నా ఎదుటే ఉన్నాయి. ఒకటైతే ఏకంగా నా గ్లాసులోనే ఉంది. నేను సంచి చూశాను, అమ్మ వారాలు చూసింది. ఇక రెండో సంగతి నాకు తర్వాత తట్టింది. ఆ ప్రశ్న నేను వెళ్ళి అడిగి ఉంటే ఆవిడ నొచ్చుకునేది, తలుపు వేసుకునేది. మల్లెమొగ్గల మధ్య అడిగితే అది ప్రశ్నలాగే లేదు.

వయసే గుర్తింపు కార్డు

ఈ పద్ధతికి పెద్దదిక్కు అగాథా క్రిస్టీ సృష్టించిన జేన్ మార్పుల్. 1927లో ఒక పత్రికలో వచ్చిన చిన్న కథలో మొదటిసారి కనిపించింది. 1930లో 'ద మర్డర్ ఎట్ ద వికారేజ్'తో నవలల్లోకి వచ్చింది. మొత్తం 12 నవలలు. సెయింట్ మేరీ మీడ్ అనే పల్లెటూరు, చేతిలో అల్లిక, ఇంటి ముందు తోట, ఇంతే ఆవిడ ఆస్తి. వయసు మళ్ళిన, పెళ్ళికాని మనిషి మూలన కూర్చుని అల్లుకుంటుంటే ఎవరూ గొంతు తగ్గించి మాట్లాడరు. ఆవిడ ముందు అన్నీ మాట్లాడేస్తారు. మొట్టమొదటి కథలోనే, చుట్టూ ఉన్న పెద్దమనుషులు ఘోరమైన నేరాల గురించి చెప్పుకోబోతుంటే, మార్పుల్ తన ఊళ్ళో ఒకామె కొనుక్కున్న రొయ్యలు ఇంటికి చేరేసరికి మాయమైన సంగతి ఎత్తుతుంది. మిగిలినవాళ్ళకు అది చాదస్తంలా కనిపిస్తుంది. పాల ప్యాకెట్ల తర్వాత నాకు అలా కనిపించడం లేదు.

క్రిస్టీతో మొదలుపెట్టేవాళ్ళు చాలామంది 'వికారేజ్' పట్టుకుంటారు, మొదటిది కదా అని. నేను వద్దంటాను. ఆ కథ చెప్పేది పాస్టరుగారు. మార్పుల్ పక్కింటి మనిషిగా వచ్చి పోతుంటుంది. పేర్లు ఎక్కువ, ఓపిక కావాలి. దాని బదులు 1932లో వచ్చిన 'ద థర్టీన్ ప్రాబ్లమ్స్' తీసుకోండి. మంగళవారం రాత్రి ఆరుగురు కూర్చుంటారు. ఒక్కొక్కరు తమకు మాత్రమే జవాబు తెలిసిన ఒక మిస్టరీ చెప్పాలి, మిగిలినవాళ్ళు విప్పాలి. మర్యాద రామన్న తీర్పులు వింటూ పెరిగిన మనకు ఈ వరస వెంటనే పట్టుబడుతుంది: చిన్న సంగతి, అందరూ పొరబడే ఒక మలుపు, తెలివైన ఒక్క మాట. కె.ఆర్.పురంలో మెట్రో ఎక్కి ఎం.జి. రోడ్డులో దిగేలోపు ఒక కథ దాదాపు అయిపోతుంది.

నవలే కావాలంటే 1950 నాటి 'ఎ మర్డర్ ఈజ్ అనౌన్స్‌డ్'. ఊరి పత్రికలో ఒక ప్రకటన వస్తుంది: ఫలానా శుక్రవారం సాయంత్రం ఆరున్నరకు ఫలానా ఇంట్లో హత్య జరుగును, మిత్రులు రావలెను. ఇరుగుపొరుగు ఏం చేస్తారు? వెళతారు, ఇంకేం చేస్తారు! ఒక్కొక్కరు ఒక్కో సాకు చెప్పుకుంటూ ఆ గుమ్మం ఎక్కే దృశ్యం కోసమే నేను ఈ నవలను మూడుసార్లు చదివాను. యుద్ధం ముగిసిన కొత్తలో రేషను రోజులు; వెన్న, గుడ్లు, బొగ్గు ఎవరింట్లో ఎన్ని ఉన్నాయో అందరికీ తెలిసిన కాలం. అలాంటి ఊళ్ళో హత్యను దాచడం కంటే గుడ్డును దాచడం కష్టం.

క్రిస్టీ ఇంగ్లీషు తేలిక. చిన్న వాక్యాలు, ఎక్కువగా సంభాషణ. డిగ్రీ దాకా తెలుగు మాధ్యమంలో చదివినవాళ్ళు కూడా నిఘంటువు లేకుండా లాగించవచ్చు. విషాల విషయంలో ఆవిడ మాట నమ్మవచ్చు, మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆస్పత్రి మందుల విభాగంలో పనిచేసింది. పనివాళ్ళ గురించి, పరదేశుల గురించి ఆ కాలపు మాటలు అక్కడక్కడా పంటి కింద రాయిలా తగులుతాయి. అది ముందే తెలుసుకుని మొదలుపెట్టడం మేలు.

ఇదే ముసలితనాన్ని ఆయుధంగా వాడుకున్న కొత్త నవల రిచర్డ్ ఒస్మన్ రాసిన 'ద థర్స్‌డే మర్డర్ క్లబ్', 2020ది. ఇంగ్లండులోని కెంట్‌లో ఒక వృద్ధుల నివాసం. అక్కడ నలుగురు: గూఢచారిగా పనిచేసిన ఎలిజబెత్, నర్సుగా చేసిన జాయిస్, మానసిక వైద్యుడు ఇబ్రహీం, కార్మిక నాయకుడు రాన్. గురువారాలు కూర్చుని పోలీసులు తేల్చని పాత కేసులు తిరగేస్తుంటారు. ఇంతలో తమ గుమ్మంలోనే హత్య. మార్పుల్‌తో పోలిస్తే ఇక్కడ చిక్కుముడి వదులు. చివర్లో ఒప్పుకోళ్ళు ఒకదాని మీద ఒకటి పడతాయి, రచయిత కొంచెం తొందరపడ్డాడనిపిస్తుంది. కానీ మనుషులు మార్పుల్ ఊరి మనుషుల కంటే దగ్గరగా కనిపిస్తారు. ఎలిజబెత్ భర్తకు జ్ఞాపకశక్తి పోతుంటుంది; ఆవిడ ఆ సంగతి బయటికి పొక్కనీయదు. ఉద్యోగాలకు వెళ్ళిన కొడుకూ కోడలూ వచ్చేదాకా మా అపార్ట్‌మెంటు బెంచీల మీద పొద్దు పుచ్చే పెద్దవాళ్ళను ఈ నవల చదివాక నేను ఇంకోలా చూస్తున్నాను. జాయిస్ డైరీ భాగాలు నవ్విస్తాయి, అయితే ఇంగ్లండు టీవీ కార్యక్రమాల మీద వేసిన విసుర్లు సగం మనకు తగలవు.

ఈ రెండింటిలో ఒకటే కొనగలిగితే? బుర్రకు పని కావాలనుకుంటే క్రిస్టీ. మనుషుల తోడు కావాలనుకుంటే ఒస్మన్. అమ్మానాన్నలు దూరంగా ఉన్నవాళ్ళు ఒస్మన్‌ను ఆదివారం సాయంత్రం చదవకండి, వెంటనే టికెట్లు వెతుక్కోవాల్సి వస్తుంది.

1921, రెండు ఊళ్ళు

బెంగళూరులో ఉంటూ ఇంగ్లండు పల్లెలే ఎందుకని అడిగేవాళ్ళ కోసం హరిణి నాగేంద్ర రాసిన 'ద బ్యాంగలూర్ డిటెక్టివ్స్ క్లబ్' ఉంది. 2022లో వచ్చింది, కథాకాలం 1921. కొత్తగా కాపురానికి వచ్చిన కావేరి, డాక్టరు రాము భార్య. గణితమంటే ప్రాణం. సెంచురీ క్లబ్బులో విందు జరుగుతుంటే ఊపిరి పీల్చుకుందామని తోటలోకి వస్తుంది, పిలవని మనిషి ఒకడు చీకట్లో కనిపిస్తాడు. కాసేపటికి అక్కడే హత్య. ఆ క్లబ్బు కల్పితం కాదు. 1917లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య స్థాపించినదే, ఇప్పటికీ కబ్బన్ పార్కు అంచున ఉంది.

నా ప్రశ్నకు ఈ నవల జవాబు: డాక్టరుగారి భార్య. ఆ హోదా ఒక్కటి చాలు, పేద ఇళ్ళ ఆడవాళ్ళు మాట్లాడతారు, దొరల బంగళా గుమ్మాలూ తెరుచుకుంటాయి. పక్కింటి పెద్దావిడ ఆమెకు తోడు. అప్పటి బెంగళూరులో పేట వైపు మైసూరు మహారాజు పాలన, కంటోన్మెంటు వైపు బ్రిటిష్ పాలన. 1947 దాకా ఊరు అలా రెండు ముక్కలుగానే ఉంది. కావేరి ఆ రెండు ముక్కల మధ్యా తిరుగుతుంది కాబట్టి మనం కూడా తిరుగుతాం. రచయిత్రి స్వయంగా పర్యావరణ శాస్త్రవేత్త, ఈ నగరం చెట్ల మీదా చెరువుల మీదా ఏళ్ళ తరబడి పనిచేసింది. అది పేజీల్లో తెలుస్తుంది, చెట్టు వస్తే ఏ చెట్టో ఉంటుంది. చివర్లో వంటల తయారీ కూడా ఇచ్చారు. అపరాధ పరిశోధన నవలకు పులుసుకూర పేజీలు ఎందుకని మొదట చిరాకుపడ్డాను. అమ్మ మాత్రం ఆ పేజీలే ముందు చదివించుకుంది.

లోపం చెప్పాలంటే, దోషిని పట్టడం పెద్ద కష్టం కాదు. నేను మధ్యలోనే పట్టేశాను. కానీ ఈ నవలను చిక్కు కోసం కాదు, ఊరి కోసం చదవాలి. 2023 నుంచి శనివారాలు కబ్బన్ పార్కులో జనం చాపలు వేసుకుని మౌనంగా పుస్తకాలు చదువుకుంటున్నారు కదా, అక్కడికి పట్టుకెళ్ళదగ్గ పుస్తకం ఇదే. చదివాక లేచి, ఎర్రగా కనిపించే రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం పక్కగా నడిచి, క్లబ్బు గేటు దాకా వెళ్ళి రావచ్చు. లోపలికి రానివ్వరు. ఆ సంగతి కావేరికి చెప్పాలి.

దీని పక్కన పెట్టి చూడాల్సినది సుజాతా మస్సీ నవల 'ఎ మర్డర్ ఆన్ మలబార్ హిల్', 2018. అదీ 1921 కథే, బొంబాయిలో. పెర్వీన్ మిస్త్రీ పార్సీ న్యాయవాది, తండ్రి సంస్థలో పనిచేస్తుంది. ఒక ముస్లిం మిల్లు యజమాని చనిపోతే, ఘోషాలో ఉన్న ముగ్గురు భార్యల ఆస్తి వ్యవహారం వస్తుంది. మగ ప్లీడరు ఆ తెర దాటలేడు, పెర్వీన్ దాటగలదు. గుమ్మం దాటడానికి ఇంతకంటే గట్టి కారణం నేను ఏ నవలలోనూ చూడలేదు. ఆక్స్‌ఫర్డ్‌లో న్యాయశాస్త్రం చదివిన తొలి మహిళ కొర్నేలియా సొరాబ్జీ జీవితం ఈ పాత్రకు ప్రేరణ. నవలగా ఇది కావేరి కథ కంటే బలమైనది. అయినా పీజీ అమ్మాయికి ఇది ఇవ్వలేదు. పెర్వీన్ పెళ్ళి గురించిన అధ్యాయాలు హాయిగా నిద్రపుచ్చేవి కావు. పైగా పెర్వీన్ వృత్తిలో భాగంగానే ఆరా తీస్తుంది కాబట్టి, ఊరికే ముక్కు దూర్చే సరదా ఇందులో తక్కువ.

అసలు హత్యే వద్దంటే

అలాంటివాళ్ళూ ఉన్నారు, మా వారు ఒకరు. ఆయనకు అలెగ్జాండర్ మెకాల్ స్మిత్ రాసిన 'ద నంబర్ వన్ లేడీస్ డిటెక్టివ్ ఏజెన్సీ' ఇచ్చాను, 1998 నాటిది. బోట్స్‌వానా రాజధాని గాబరోన్‌లో ప్రెషస్ రమోట్స్వే తండ్రి వదిలిపోయిన పశువులను అమ్మి, ఆ డబ్బుతో డిటెక్టివ్ ఏజెన్సీ తెరుస్తుంది. శిక్షణ లేదు, ఒక పాఠ్యపుస్తకం ఉంది, రూయిబోస్ టీ ఉంది, మనుషులను చూసి అంచనా వేయగల కన్ను ఉంది. కేసులు కూడా అలాంటివే: కనిపించకుండా పోయిన భర్త, ఇల్లాలికి అబద్ధం చెబుతున్న పెనిమిటి. పేరుకు వృత్తి డిటెక్టివే గానీ మనసుకు మా అమ్మ లాంటి మనిషే. పేజీలు మెల్లగా కదులుతాయి. తొందరగా ఏదో జరగాలనుకునేవాళ్ళకు ఇది సరిపడదు. మా వారు మాత్రం వర్షం పడుతున్న ఒక శనివారం మొత్తం కుర్చీలోంచి లేవలేదు.

జి.కె. చెస్టర్టన్ ఫాదర్ బ్రౌన్ కథలు 1910లో మొదలయ్యాయి, తొలి సంపుటం 1911ది. పొట్టి ఫాదరు, నల్ల గొడుగు. పాపాలన్నీ జనం తామే వచ్చి చెప్పుకుంటారు కాబట్టి మనుషులు ఎంతకు దిగజారగలరో ఆయనకు తెలుసు. ఆలోచన గొప్పది. భాష బరువు, ఆకాశం రంగుకే ఒక పేరా పోతుంది. మెట్రోలో నిలబడి చదివేవి కావు.

తెలుగులోనే చదవాలనుకుంటే మనకు కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ ఉన్నాడు, అసిస్టెంటు రాజుతో సహా. అమ్మ పెళ్ళికి ముందు అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చి, పాఠ్యపుస్తకంలో దాచుకుని చదివినవి అవే. వేగం కావాలంటే ఇప్పటికీ యుగంధరే. అయితే ఆయన వృత్తి డిటెక్టివ్. ఎవరి తలుపైనా తట్టగలడు, తట్టాక ఎదుటివాడు తెరవక తప్పదు. మనం వెతుకుతున్న మల్లెమొగ్గల దారి అది కాదు.

ఊహిస్తారా, ఊరుకుంటారా?

పుస్తకం ఎంచుకునే ముందు ఇదొకటి తేల్చుకోవాలి. కొందరు రచయితతో పందెం వేసినట్టు చదువుతారు. నేను ఆ జాతే, అనుమానితుల పేర్లు బుక్‌మార్కు చీటీ మీద రాసుకుంటాను. ఈ రకం వాళ్ళకు ఆట నియమాలు ముఖ్యం. రోనాల్డ్ నాక్స్ అనే ఫాదరు, తనూ డిటెక్టివ్ కథలు రాసినవాడే, 1929లో పది నియమాలు పెట్టాడు. దోషి కథ మొదట్లోనే కనిపించాలి. దయ్యాలు పనికిరావు. రహస్య మార్గం ఒకటికి మించకూడదు. ఇంతవరకూ ఎవరూ కనుక్కోని విషం వాడకూడదు. చూసిన ఆధారాన్ని పాఠకుడికి దాచకూడదు. మరుసటి ఏడాది లండన్‌లో రచయితలు డిటెక్షన్ క్లబ్ పెట్టుకుంటే చెస్టర్టన్ దానికి తొలి అధ్యక్షుడు, క్రిస్టీ సభ్యురాలు. ఆ తరం వాళ్ళు నియమాలను అటూ ఇటూ వంచారు గానీ మజ్జిగ గ్లాసు మాత్రం పాఠకుడి ఎదుటే పెట్టారు. ఇప్పటివాళ్ళలో చాలామందికి ఆ పట్టుదల లేదు. పందెం కోసమైతే పాత పుస్తకం, కాలక్షేపం కోసమైతే కొత్త పుస్తకం అని నేను మోటుగా ఒక గీత గీసుకున్నాను.

ఏ రూపంలో చదవాలన్నది కూడా దీని మీదే ఆధారపడుతుంది. పందెం వేసేవాళ్ళకు కాగితమే మంచిది, నాలుగు పేజీలు వెనక్కి వెళ్ళి "ఆ రోజు కిటికీ తెరిచి ఉందా?" అని చూసుకోవచ్చు. ఈ-బుక్కులో కింద శాతం కనిపిస్తుంది. నలభై శాతం మిగిలి ఉండగా దొరికినవాడు దోషి కాడని ఎవరికైనా తెలిసిపోతుంది. నేను ఆ అంకె కనపడకుండా చేసుకున్నాను. ఆడియో పుస్తకాలు ఒస్మన్‌కూ మెకాల్ స్మిత్‌కూ బాగుంటాయి. క్రిస్టీని వంట చేస్తూ వింటే ఒక కీలకమైన ఆధారం కుక్కరు విజిల్లో కొట్టుకుపోయింది, దోషి పేరు విన్నాక కూడా ఎందుకో నాకు అర్థం కాలేదు.

పాత పుస్తకాలు కొనేవాళ్ళకు ఒక జాగ్రత్త. ఒకసారి నేను కొన్న ప్రతిలో 38వ పేజీలో ఒక పేరు కింద పెన్సిలు గీత, పక్కన "వీడే" అన్న అర్థం వచ్చేలా ఇంగ్లీషులో ఒక్క మాట. ఎవరు చేశారో గానీ ఆ మనిషికి నా శాపం తగలాలి. అప్పటి నుంచి కొట్టులోనే పేజీలు గబగబా తిప్పి, గీతలు ఉంటే నాకు చూపించకుండా పక్కన పెట్టేయమని మా వారితో చెబుతున్నాను. ముందుమాటలు కూడా ఆఖరున చదవండి. పాత నవలల ముందుమాట రాసే పండితులకు ముగింపు అందరికీ తెలుసనే నమ్మకం.

వరస తప్పకూడదా? మార్పుల్‌ను ఎక్కడి నుంచైనా మొదలుపెట్టవచ్చు, ఆవిడ పెద్దగా మారదు. ఒస్మన్‌ను, కావేరిని మాత్రం మొదటి పుస్తకం నుంచే చదవాలి. ఆ మనుషుల జీవితాలు ఒక పుస్తకం నుంచి ఇంకో పుస్తకానికి నడుస్తాయి.

ఇంతకీ పీజీ అమ్మాయికి 'థర్టీన్ ప్రాబ్లమ్స్' ఇచ్చాను. మూడు కథలు మెట్రోలో చదివి, నాలుగోది రాత్రి లైటు ఆర్పే ముందు చదివిందట, హాయిగా నిద్ర పట్టిందట. పుస్తకం తిరిగి వచ్చాక నేనూ దాన్ని మళ్ళీ తీశాను. ఇప్పుడు రోజూ రాత్రి అమ్మకు ఫోనులో ఒక కథ తెలుగులో చెబుతున్నాను, జవాబు ముందు ఆపేస్తాను, మర్నాడు ఆవిడ ఊహ చెప్పాలి. నిన్న ఒక కథ సగంలో ఉండగానే అడ్డం వచ్చింది.

"ఎవరు చంపారన్నది తర్వాత చెబుదువుగాని," అంది. "ముందు ఆ ఇంట్లో ఆ రోజు వంట ఎవరు చేశారు?"

ఆ ప్రశ్న నేను వేసుకోనే లేదు. "మళ్ళీ చేస్తానమ్మా" అని ఫోను పెట్టేసి, ఆ కథ మొదటి పేజీకి వెళ్ళాను.